డెన్మార్క్ నాస్తికత్వాన్ని కృష్ణా డెల్టాలో కొలవొచ్చా?

ప్రశ్న: నేను ఎంఏ సోషియాలజీ చదువుతున్నాను. ఫిల్ జుకర్‌మన్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో దేవుణ్ణి నమ్మనివాళ్ళ మీద చేసిన అధ్యయనం గురించి మా క్లాసులో విన్నాను. ఆ దేశాల్లో నేరాలు తక్కువ, ప్రజలు సుఖంగా ఉన్నారు. అంటే దేవుడి మీద నమ్మకం పోతే సమాజం బాగుపడుతుందని తేలినట్టేనా? అలాంటి అధ్యయనమే మా కృష్ణా జిల్లాలో చేసి డిసర్టేషన్‌గా ఇవ్వాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మంచి అంశం పట్టుకున్నారు. మతం మీద మన విశ్వవిద్యాలయాల్లో వచ్చిన థీసిస్‌లు కోకొల్లలు. మతం వద్దనుకున్నవాళ్ళ మీద వచ్చినవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేను చాలా ఏళ్ళు సోషియాలజీ పాఠాలు చెప్పాను, కోస్తా జిల్లాల్లో కుటుంబ ఆచారాల మీద సర్వేలు చేశాను. ఆ అనుభవంతో కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు మీ మొదటి ప్రశ్న. తేలలేదు. జుకర్‌మన్ కూడా అలా తేలిందని చెప్పలేదు. ఆయన జవాబిచ్చింది అమెరికాలో బాగా వినబడే ఒక వాదానికి. దేవుణ్ణి విడిచిన సమాజం నేరాలతో, విచ్చలవిడితనంతో కుళ్ళిపోతుందని అక్కడి టీవీ బోధకులు, కొందరు రాజకీయ నాయకులు చెబుతుంటారు. అది నిజమైతే డెన్మార్క్, స్వీడన్ ఈపాటికి నరకంలా ఉండాలి, కానీ లేవే అన్నది ఆయన మాట. ఒక సాధారణ సూత్రాన్ని కొట్టేయడానికి ఎదురు ఉదాహరణ ఒక్కటి చాలు. అదే ఉదాహరణతో దానికి వ్యతిరేకమైన సూత్రాన్ని నిలబెట్టాలంటే మాత్రం కుదరదు. నమ్మకం పోవడం వల్ల సుఖం వచ్చిందా, సుఖం వచ్చాక నమ్మకం సడలిందా, రెండింటికీ వెనక ఇంకేదైనా ఉందా అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. బలవంతంగా మతాన్ని తుడిచేసిన దేశాలను ఆయన ఈ లెక్కలో కలపలేదని కూడా గుర్తుంచుకోండి. అల్బేనియా 1967లో తనను నాస్తిక దేశంగా ప్రకటించుకుని మసీదులు, చర్చిలు మూయించింది. అక్కడ జనం ఏం నమ్మారో, ఏం నమ్మలేదో ఎవరూ నోరు విప్పి చెప్పే పరిస్థితి లేదు.

ఆయన పని చేసిన తీరు చూడండి, మీకు పనికొచ్చేది అదే. 2005-06లో కుటుంబంతో సహా డెన్మార్క్‌లోని ఆర్హూస్ నగరంలో ఉండి, 150 మంది దాకా డేన్లు (డెన్మార్క్ వాళ్ళు), స్వీడన్ వాళ్ళతో కూర్చుని మాట్లాడారు. దేవుడు, చావు, జీవితానికి అర్థం, పిల్లలకు ఏం చెబుతారు, ఇవీ ప్రశ్నలు. ఆయన ఎదురుచూసింది మతాన్ని వ్యతిరేకించేవాళ్ళను. ఎదురుపడిందేమో ఆ విషయమే పట్టనివాళ్ళు. దేవుడి గురించి అడిగితే కోపం రాలేదు, ఉత్సాహమూ రాలేదు. దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదే అన్నవాళ్ళున్నారు. మీరు క్రైస్తవులా అంటే చాలామంది అవునన్నారు. అంటే ఏమిటని తరచి అడిగితే, మంచిగా బతకడం, తోటివాళ్ళకు సాయపడటం అన్నారు. ఏసు దేవుడి కొడుకని నమ్ముతారా అంటే తల అడ్డంగా ఊపారు.

మరి వాళ్ళు చర్చిని వదిలేశారా అంటే, అదీ లేదు. డెన్మార్క్ 1849 రాజ్యాంగం ప్రొటెస్టెంటు శాఖ అయిన లూథరన్ చర్చిని జాతీయ చర్చిగా గుర్తించింది. జుకర్‌మన్ అక్కడున్న రోజుల్లో జనాభాలో 80 శాతానికి పైగా అందులో సభ్యులు. సభ్యులైనవాళ్ళ ఆదాయంలోంచి ఊరిని బట్టి సుమారు 1 శాతం అటూ ఇటూ చర్చి పన్ను కట్ అవుతుంది. పుట్టిన బిడ్డను నమోదు చేసేది చాలా చోట్ల చర్చి ఆఫీసే, శ్మశానాలు చూసుకునేదీ చర్చే. పిల్లలకు బాప్తిస్మం ఇప్పిస్తారు, పెళ్ళి అక్కడే చేసుకుంటారు, ఆదివారం మాత్రం బెంచీలు ఖాళీ. 2003లో తార్‌బెక్ అనే ఊరి పాస్టర్ థోర్కిల్ గ్రోస్‌బోల్, సృష్టికర్త అయిన దేవుడి మీద తనకు నమ్మకం లేదని పత్రికకు చెప్పాడు. చర్చి పెద్దలు ఆయన్ను కొంతకాలం పక్కన పెట్టారు. ఆ ఊరి చర్చి జనంలో చాలామంది మాత్రం మా పాస్టర్ మాకు కావాలని ఆయన వెనకే నిలబడ్డారు.

ఇందులోంచి మీరు పట్టుకోవాల్సింది ఒకటుంది. నమ్మకం వేరు, ఆచారం వేరు, మనం ఫలానా వాళ్ళం అనే భావన వేరు. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయని అనుకుంటాం గానీ నడవవు. డేన్లలో నమ్మకం పోయింది, ఆచారం కొంత మిగిలింది, మనవాళ్ళం అనే భావన దాదాపు అలాగే ఉంది. ఆ భావన ఎంత గట్టిదో జుకర్‌మన్ ఆర్హూస్‌లో ఉండగానే బయటపడింది. మహమ్మద్ ప్రవక్త కార్టూన్లు వేసిన యూలండ్స్ పోస్టెన్ పత్రిక ప్రధాన కార్యాలయం ఆ నగరంలోనే ఉంది. 2005 సెప్టెంబరులో కార్టూన్లు వచ్చాయి, 2006 ఫిబ్రవరికి డమాస్కస్‌లో డెన్మార్క్ రాయబార కార్యాలయానికి నిప్పు పెట్టారు. తమ మతం మీద ఆసక్తి లేని జనానికి కూడా, ఎదుట మరో మతం నిలబడగానే తాము క్రైస్తవ సంస్కృతి వాళ్ళమన్న సంగతి గుర్తుకొస్తుంది. పట్టనితనం ఎల్లకాలం ఒకేలా ఉంటుందని అనుకోకూడదు.

నమ్మకం ఎందుకు సడలింది అన్నదానికి రెండు వివరణలు బాగా వాడుకలో ఉన్నాయి. రాజ్యమే పోషించే ఏకైక చర్చి ఉంటే, మందిని ఆకర్షించాల్సిన అవసరం పాస్టర్లకు ఉండదు, అందుకే చర్చి నీరసించింది అన్నది ఒకటి. దీని మీద నాకు పెద్ద గురి లేదు. రెండోది రాజనీతి శాస్త్రవేత్తలు పిప్పా నోరిస్, రొనాల్డ్ ఇంగ్లెహార్ట్ 2004లో చెప్పింది: బతుకు మీద భరోసా ఉన్నచోట మతం మీద ఆధారపడటం తగ్గుతుంది. ఉద్యోగం పోతే భృతి, జబ్బు చేస్తే ఉచిత వైద్యం, ముసలితనంలో పింఛను ఖాయమైనప్పుడు మొక్కుకోవాల్సిన సందర్భాలే తగ్గిపోతాయి. అమెరికా ధనిక దేశమైనా మతం అక్కడ గట్టిగా ఉండటానికి కారణం అసమానతలు, ఆసుపత్రి బిల్లుల భయం అని వాళ్ళు అంటారు. ఆ అమెరికాలో కూడా ఏ మతానికీ చెందమని చెప్పేవాళ్ళు ప్యూ అనే సర్వే సంస్థ లెక్కల్లో 2007లో 16 శాతం, 2023లో 28 శాతం. వాళ్ళంతా నాస్తికులని మాత్రం అనుకోకండి. అందులో తమను నాస్తికులమని చెప్పుకున్నవాళ్ళు 17 శాతమే. ఎక్కువమంది దేవుడో, ఏదో ఒక శక్తో ఉందనే నమ్ముతారు. అక్కడ చెందడం ముందు పోయింది, నమ్మకం మిగిలింది. డెన్మార్క్‌కు సరిగ్గా తలకిందులు.

భరోసా వివరణ మన దగ్గర వర్తిస్తుందా అంటే, నా ఉద్దేశంలో చాలావరకు వర్తిస్తుంది, కాకపోతే జాగ్రత్తగా చదవాలి. తెలుగువాళ్ళ ఆదాయాలు ముప్పై ఏళ్ళలో ఎంత పెరిగాయో చూస్తూనే ఉన్నాం. తిరుమల హుండీ ఆదాయం ఏడాదికి 1,000 కోట్లు దాటింది. డబ్బు పెరిగితే భక్తి తగ్గాలి కదా అని విద్యార్థులు అడిగేవారు. డబ్బు పెరగడం వేరు, భరోసా పెరగడం వేరు. హైదరాబాదు దగ్గర చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళి చూడండి. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. చేతిలో కార్డు పట్టుకుని, ఒక్కో చుట్టుకూ ఒక్కో గడి కొట్టేసుకుంటూ ఇంజినీరింగ్ చదివిన పిల్లలు తిరుగుతుంటారు. వీసా బాలాజీ అని ఆయనకు పేరు ఊరికే రాలేదు. అన్నీ సరిగ్గా చదివి, అన్ని పరీక్షలూ పాసై, ఆఖరికి హెచ్-1బి లాటరీలో పేరు రావాలి. అది మనిషి చేతిలో లేదు. ఆ పిల్లల్ని మూఢభక్తులని కొట్టిపారేసేవాళ్ళంటే నాకు కోపం. వాళ్ళ భవిష్యత్తు నిజంగానే చీటీ మీద ఆధారపడి ఉంది. అమెరికా వెళ్ళాక కూడా గుడి వదలరు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి 1970లలో కట్టుకున్నది మొదలు, అక్కడి గుళ్ళు పూజకు ఎంతో, పులిహోర పంచుకుని తెలుగులో నాలుగు మాటలు మాట్లాడుకోవడానికీ అంతే. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎంతమంది నమ్ముతారో హాజరు చూసి చెప్పలేం. భరోసా సిద్ధాంతానికి కేరళ ఒక గట్టి చిక్కు: ఆరోగ్యం, చదువు మిగతా దేశం కంటే మెరుగు, మతం మాత్రం ఏమీ సన్నగిల్లలేదు. మీ డిసర్టేషన్‌లో దాన్ని దాటేయకండి.

ఇప్పుడు అసలు ఇబ్బంది. మన దేశంలో దేవుణ్ణి నమ్మనివాళ్ళు ఎంతమంది? 2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివాళ్ళు సుమారు 28.7 లక్షలు, విడిగా నాస్తికులమని రాయించుకున్నవాళ్ళు 33 వేల పైచిలుకు. 2012లో విన్-గ్యాలప్ అనే అంతర్జాతీయ సర్వేలో నాస్తికులమని చెప్పినవాళ్ళు 3 శాతం. ఆ 3 శాతాన్ని దేశ జనాభాకు వర్తింపజేస్తే కోట్లలోకి వెళుతుంది. దాదాపు 30 వేల మందిని అడిగి ప్యూ సంస్థ 2021లో ప్రకటించిన సర్వేలో దేవుణ్ణి నమ్ముతామన్నవాళ్ళు 97 శాతం. మూడూ అబద్ధం కాదు. అడిగిన తీరు వేరు. జనాభా లెక్కల్లో ఎన్యూమరేటర్ గడప దగ్గర నిలబడి ఇంటి పెద్దను అడుగుతాడు, ఆయన అందరి తరఫునా చెబుతాడు. ఫారంలో ఆరు మతాలకు అంకెలు కేటాయించి ఉంటాయి, మరేదైనా అయితే పేరు పూర్తిగా రాయాలి. పొద్దుటి నుంచి ఇల్లిల్లూ తిరిగిన మనిషి, ఇంటిపేరు విని అంకె వేసేసి తర్వాతి గడికి వెళ్ళిపోవడం నేను పక్కనే ఉండి చూశాను. పట్టుబట్టి రాయించుకున్నవాళ్ళే ఆ 33 వేలు.

ఇంకో సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 2011 లెక్కల ప్రకారం 1.34 శాతం. మీరు గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల దళితవాడల్లో ఒక ఆదివారం పొద్దున తిరిగితే ఆ అంకెను నమ్మబుద్ధి కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకే, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులని నమోదైతే ఎస్సీ రిజర్వేషన్ పోతుంది. కాబట్టి రికార్డులో ఒక మతం, ప్రార్థన ఇంకోటి. అంటే మన దగ్గర కాగితం మీది మతానికీ, మనసులోని నమ్మకానికీ మధ్య సర్కారు చట్టమే అడ్డంగా నిలబడి ఉంది. డెన్మార్క్‌లో జుకర్‌మన్‌కు ఈ చిక్కు లేదు.

ఇక ఇళ్ళలోకి వెళ్దాం. దివిసీమ వైపు ఒక ఊళ్ళో రిటైరైన మాస్టారి ఇంటికి సర్వే మీద వెళ్ళాను. వసారా గోడ మీద మార్క్స్, సుందరయ్య ఫొటోలు. దేవుణ్ణి నమ్ముతారా అన్న ప్రశ్న పూర్తవకముందే "లేడు, రాసుకోండి" అన్నారు. నేను రాసుకున్నాను. అమ్మాయి పెళ్ళి ఎలా చేశారని అడిగితే, అవతలివాళ్ళు ముహూర్తం పెట్టారు, పంతులు గారు వచ్చారు, ఒప్పుకోక తప్పలేదన్నారు. తర్వాత ఆయన భార్యతో మాట్లాడాలని వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకుని కూర్చున్నాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ చెప్పారు. మాస్టారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు వెంకన్నకు తలనీలాలు మొక్కుకున్నారట. ఆయనా కొండకు వచ్చారు, క్యూలో గంటలు గంటలు నిలబడ్డారు, గుండు మాత్రం ఆవిడే చేయించుకున్నారు. "మీకు నమ్మకమేనా అండీ?" అని అడిగాను. "నమ్మకమో కాదో నాకేం తెలుసమ్మా. మా అమ్మ దీపం పెట్టేది, నేనూ పెడుతున్నా. ఆయనకేమన్నా అయితే నేను మొక్కలేదనే మాట నాకు ఉండకూడదు కదా" అన్నారు.

ఆ ఇంటిని ప్రశ్నావళిలో ఏ గడిలో వేస్తారు? మాస్టారిని మాత్రమే అడిగితే నాస్తిక కుటుంబం. ఆచారాలు చూస్తే హిందూ కుటుంబం. ఆవిడ మాటల్లో దేవుడున్నాడా లేడా అన్న వాదనే లేదు, మనిషి మీద బాధ్యత ఉంది. మన జిల్లాల్లో హేతువాదం చాలా ఇళ్ళలో వసారా దాకా వచ్చి ఆగింది. వసారాలో మగవాళ్ళు వాదించుకున్నారు, వ్రతాలు, తద్దినాల పని ఆడవాళ్ళ మీదే ఉండిపోయింది. ఇది నేను నిష్ఠూరంగా అనడం లేదు. దీన్ని పరిశోధించినవాళ్ళు తక్కువ, మీరు పరిశోధిస్తే చాలా విలువైన పని అవుతుంది.

అలాగని ఇక్కడ నాస్తికత్వం ఉత్త మాటల్లోనే ఉందనీ కాదు. మీ జిల్లాలోనే ముదునూరులో గోరా, సరస్వతీ గోరా 1940లో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. దేవుడు లేడని చెప్పినందుకు ఆయన కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆయన నాస్తికత్వం దేవుడి దగ్గర ఆగలేదు, నేరుగా అంటరానితనం మీదికి వెళ్ళింది. సహపంక్తి భోజనాలు పెట్టించారు. కూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకిచ్చి పెళ్ళి చేయాలనుకున్నప్పుడు గాంధీ ఆ పెళ్ళి తన చేతుల మీదుగా సేవాగ్రామంలో జరిపిస్తానన్నారు, ఆ తంతులో దేవుడి పేరు ఎత్తకుండా ఉండటానికీ ఒప్పుకున్నారు. గాంధీ హత్య తర్వాత 1948లో ఆ పెళ్ళి అక్కడే జరిగింది. అంతకు ముందే తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాలు తీసేసి తెలుగులో పెళ్ళి తంతు రాసి, బ్రాహ్మణ పురోహితుడు లేకుండా పెళ్ళిళ్ళు చేయించారు. డేన్లు దేవుణ్ణి మరిచిపోయారు. మనవాళ్ళు దేవుడితో తగువు పెట్టుకున్నారు, ఎందుకంటే ఇక్కడ దేవుడి వెంట కులం ఉంది, పెళ్ళి ఉంది, చావు ఉంది. 2013 ఆగస్టులో పుణెలో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను కాల్చి చంపారు. అలాంటి చోట నమ్మకపోవడం అంటే పట్టనితనం కాదు, దానికి ధర చెల్లించాలి. ధర చెల్లించాల్సిన చోట ఎంతమంది నిజం చెబుతారన్నదే మీ పరిశోధనకు మొదటి ప్రశ్న కావాలి.

కాబట్టి నా సలహా. దేవుణ్ణి నమ్ముతారా అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆ ప్రశ్న వినగానే మనిషి జాగ్రత్త పడతాడు, లేదా వాదనకు దిగుతాడు. మీ ఇంట్లో ఆఖరుగా జరిగిన చావుకు ఏమేం చేశారని అడగండి. దినం చేశారా, సంస్మరణ సభ పెట్టారా, రెండూ చేశారా, ఎవరు వద్దన్నారు, ఎవరు పట్టుబట్టారు, తలకొరివి ఎవరు పెట్టారు. కమ్యూనిస్టు కుటుంబాల్లో పదకొండో రోజు సభ పెట్టి స్తూపం కట్టి, అదే రోజు పెరట్లో పిండాలు పెట్టిన సందర్భాలు నాకు తగిలాయి. ఆ వివరం వచ్చాక నమ్మకం గురించి అడిగితే జవాబు నిజానికి దగ్గరగా ఉంటుంది. పెళ్ళి ఏ చట్టం కింద నమోదైందో అడగండి. ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్నవాళ్ళు ముప్పై రోజుల నోటీసు, బంధువుల గొడవ, అన్నీ తట్టుకుని వచ్చినవాళ్ళు, వాళ్ళ దగ్గర చెప్పాల్సింది చాలా ఉంటుంది. పిల్లల బడి ఫారంలో మతం గడిలో ఏం రాశారో అడగండి. జనన ధ్రువీకరణ దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అని రాసుకునే వీలు ఇవ్వాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది కాబట్టి ఈ ప్రశ్నకు ఇప్పుడు బలం వచ్చింది.

భార్యాభర్తలను ఒకే చోట కూర్చోబెట్టి అడగొద్దు. మీరు అబ్బాయైతే మీతో చదివే అమ్మాయి ఎవరైనా తోడు వచ్చేలా చూసుకోండి, లేకపోతే సగం ఇల్లు మీకు తెలియదు. వందల మంది కోసం పాకులాడకండి. రెండు ఊళ్ళు తీసుకోండి, ఒకటి ముదునూరులా హేతువాద చరిత్ర ఉన్నది, ఇంకోటి అలాంటిదేమీ లేనిది. ముప్పై నలభై కుటుంబాలతో తీరిగ్గా మాట్లాడితే ఎంఏ స్థాయికి ఎక్కువే. నేరాలు, సుఖం, నీతి లాంటి పెద్ద మాటల జోలికి ఇప్పుడే పోవద్దు, రెండు ఊళ్ళ నుంచి అవి తేలవు.

చివరగా ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. దళిత క్రైస్తవ కుటుంబాలతో మాట్లాడినప్పుడు పేరు, ఇంటి నంబరు, ఊరు ఒకే కాగితం మీద రాయకండి. ఫోన్లో రికార్డు చేయాలంటే ముందే అడగండి, వద్దంటే ఆపేయండి. డిసర్టేషన్‌లో ఊరి పేరు మార్చండి. ఆదివారం ప్రార్థనకు వెళ్తానని మీతో మనసు విప్పి చెప్పిన ఆవిడ కొడుక్కి కుల ధ్రువీకరణ పత్రం మీద ఉద్యోగం వచ్చి ఉంటుంది. మీ అనుబంధంలోని ఒక పట్టిక ఎవరి చేతిలోనైనా పడితే ఆ కుర్రాడి మీద ఫిర్యాదు వెళ్ళడానికి ఎంతోసేపు పట్టదు. మీ గైడ్ పేర్లతో జాబితా అడిగినా ఇవ్వకండి, ఎందుకివ్వడం లేదో రాతపూర్వకంగా చెప్పండి.